వన్యప్రాణి యాత్ర: ఆదోని బయళ్ల నుంచి ఆఫ్రికా గడ్డిమైదానాల దాకా

ఆదోని బజారులో ఉర్దూ మాట్లాడేవాళ్లు ప్రయాణాన్ని ‘సఫర్’ అంటారు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటే తూర్పు ఆఫ్రికా తీరానికి చేరి, స్వాహిలి భాషలో ‘సఫారీ’ అయింది. మొదట దాని అర్థం ఉత్త ప్రయాణమే. తెల్లదొరల వేటల కాలంలో అది వేట ప్రయాణమైంది. ఇప్పుడు అడవి జంతువులను వాటి తావుల్లోనే, వాటి మానాన వాటిని ఉండనిచ్చి చూసి వచ్చే యాత్రకు లోకమంతటా అదే పేరు. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వాళ్లకు ఈ యాత్ర రెండు విధాల అందుబాటులో ఉంది. ఒకటి ఊరి పొలిమేర దాటగానే మొదలయ్యే కృష్ణజింకల బయళ్లు, వాటి నుంచి రోళ్లపాడు, నల్లమల, దరోజీ. రెండోది సముద్రం దాటి కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికాల పార్కులు.

ఈ ప్రాంతానికి ఆఫ్రికాతో చుట్టరికం కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దంలో బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోని కోటను ఏలిన సిద్ది మసూద్ ఖాన్ హబ్షీ సర్దారు, అంటే అబిసీనియా మూలాలున్నవాడు. పట్టణంలోని షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే. అప్పట్లో ఆఫ్రికా నుంచి దక్కనుకు మనుషులు వచ్చారు. ఇప్పుడు దక్కను నుంచి ఆఫ్రికాకు జంతువులను చూడటానికి పోతున్నారు.

బయలు కూడా అడవే

అడవి అనగానే తెలుగువాళ్లకు నల్లమల కళ్ల ముందు నిలుస్తుంది. ఆకు సందుల్లో వెలుతురు, కొండలోయ, సెలయేరు. ఆదోని, ఆలూరు, ఆస్పరి, హొళగుంద, కౌతాళం, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, నందవరం, ఎమ్మిగనూరు మండలాల్లో ఇవేవీ కనబడవు. ఇక్కడ ఉన్నది నల్లరేగడి, మధ్యమధ్య ఎర్రనేల, ఎవరో పేర్చి పెట్టినట్టున్న గుండ్ల కొండలు, వంక పక్కన తుమ్మలు. సాగులో లేని నేలను రెవెన్యూ రికార్డులు బంజరు అని, పోరంబోకు అని రాసుకున్నాయి. ఎందుకూ పనికిరాని నేల అన్న భావం ఆ మాటలతోనే జనంలో పాతుకుపోయింది. జీవశాస్త్రం లెక్కలో మాత్రం అది గడ్డిభూమి. కృష్ణజింక, తోడేలు, గుంటనక్క, కౌజుపిట్ట, పూరేడుపిట్ట, చలికాలంలో దూరదేశాల నుంచి దిగే డేగజాతి పక్షులు బతికేది అలాంటి నేల మీదే. చెట్లు పెరిగి నీడ కమ్మితే ఇవి ఉండవు.

ఆఫ్రికాలో జనం లక్షలు పోసి చూడబోయే మసాయి మారా, సెరెంగెటి కూడా ఇలాంటి బయళ్లే. సెరెంగెటి ఆగ్నేయ మైదానాల్లో ఏడాదికి పడే వాన రాయలసీమ పడమటి అంచున పడే వానకు పెద్ద తేడా లేనంత తక్కువ. అక్కడా గడ్డి, అక్కడక్కడ తుమ్మజాతి చెట్లు, మైదానం నడుమ పైకి లేచిన రాతి గుట్టలు. ఆ గుట్టల మీద సింహాలు పడుకుంటాయి. కోసిగి, ఆదోని వైపు గుండ్ల కొండల్లో చిరుతలు తిరుగుతున్నాయని పేపర్లలో తరచూ వార్తలు వస్తుంటాయి. అక్కడి మారాలో నల్లనేలను డ్రైవర్లు ‘బ్లాక్ కాటన్ సాయిల్’ అంటారు. అంటే పత్తి నేల. వాన పడితే ఆ నేలలో జీపు చక్రం ఎలా కూరుకుపోతుందో ఎమ్మిగనూరు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

జంతువుల్లోనూ బంధుత్వం ఉంది. కృష్ణజింక, తూర్పు ఆఫ్రికాలో మందలుగా తిరిగే థామ్సన్ గెజెల్, దక్షిణాఫ్రికా స్ప్రింగ్‌బాక్ శాస్త్ర వర్గీకరణలో ఒకే తెగ కిందికి వస్తాయి. బయలులో బతకడానికి మూడూ నేర్చిన విద్య ఒకటే: దూరం నుంచి చూడటం, గుంపుగా ఉండటం, వేగంగా పరుగెత్తడం.

కృష్ణజింకను చూడటం

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. మగదాన్ని పాత తెలుగులో ఇర్రి అన్నారు, ఆడదాన్ని లేడి. ఈడొచ్చిన ఇర్రికి వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కళ్ల చుట్టూ తెల్లని వలయం ఉంటుంది. మెలితిరిగిన కొమ్ములు యాభై, అరవై సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. లేడికి కొమ్ములుండవు, ఒళ్లు గోధుమ రంగు. బెదిరితే గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలవు.

వీటిని చూడటానికి ఇక్కడ టిక్కెట్టు లేదు, గేటు లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో శనగ పచ్చగా ఉన్నప్పుడు తెల్లవారుజామున ఆదోని నుంచి ఏ పల్లెదారి పట్టినా సూర్యుడు లేచే వేళకు మంద కనబడే అవకాశం ఉంటుంది. మంచు ఇంకా నేల మీద ఉండగా మొదట కనిపించేది జంతువు కాదు, నిటారుగా లేచిన చెవులు. మీరు ఆగిన మరుక్షణం మంద అంతా తల ఎత్తుతుంది. ముందుగా ఒక లేడి నాలుగు కాళ్లూ ఒక్కసారి నేల విడిచేలా గాల్లోకి ఎగురుతుంది. దాని వెనక మరొకటి, ఆ వెనక ఇంకొకటి. కాస్త దూరం పోయి మళ్లీ ఆగి వెనక్కి చూస్తాయి. ఇర్రి మాత్రం పోదు. మెడ వెనక్కి వంచి, కొమ్ములు వీపుకు ఆనించి, ముక్కు పైకెత్తి తన జాగాలో అటూ ఇటూ నడుస్తుంది. ఒకే చోట పేడ కుప్పగా వేసి, కంటి కింది గ్రంథి వాసనను గడ్డిపోచలకు పూసి, ‘ఇది నా హద్దు’ అని చాటుకుంటుంది. బండి దిగకుండా, ఇంజను ఆపి పది నిమిషాలు కూర్చుంటే ఇదంతా కనబడుతుంది. దిగితే ఏమీ కనబడదు. మసాయి మారాలో గైడు మొదటి రోజు నేర్పే పాఠమూ ఇదే.

ఈ దృశ్యానికి రెండో వైపు ఉంది. దాన్ని వదిలేస్తే వ్యాసం సగమే అవుతుంది. జింకల మంద ఒక్క రాత్రిలో మొలక శనగను కొరుక్కుపోతుంది. తిన్నదాని కన్నా తొక్కినది ఎక్కువ. పత్తి, వేరుశనగ, మిరప ఏదీ మినహాయింపు కాదు. పొలం చుట్టూ కర్రలు పాతి పాతచీరలు వరసగా కట్టడం ఈ వైపు మామూలు దృశ్యం. గాలికి చీర కదిలితే మనిషనుకుని మంద తొలగిపోతుందని ఆశ. నాలుగు రోజులకు జింకలు ఆ మర్మం కనిపెట్టేస్తాయి. తర్వాత రైతు మంచె మీద రాత్రి కావలికి సిద్ధం కావాల్సిందే. జింకలకు వేరుగా పార్కు ఏర్పాటు చేసి పంటను కాపాడాలని ఇక్కడి రైతులు, రైతు సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు కాబట్టి దాన్ని చంపితే కనీసం మూడేళ్ల జైలు. ఇంత బరువైన చట్టాన్ని దేశం రాసుకుంది సరే, ఆ జంతువు మేత ఖర్చు మాత్రం మెట్టరైతు ఒక్కడే భరిస్తున్నాడు. బయటి నుంచి చూడవచ్చే వాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకుని పొలంలోకి అడుగు పెట్టేముందు రైతును అడగాలి.

రోళ్లపాడు

ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. కర్నూలు నుంచి నందికొట్కూరు వైపు మరో 45 కిలోమీటర్లు పోతే మిడుతూరు మండలంలో రోళ్లపాడు అభయారణ్యం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఇది నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, 1988లో ప్రకటించారు. పేరులో అరణ్యం ఉన్నా ఇదీ గడ్డిబయలే. దీన్ని కాపాడింది బట్టమేక పిట్ట కోసం.

బట్టమేక మీటరు ఎత్తు పక్షి. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పక్షుల్లో అంత బరువైనవి చాలా అరుదు. ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ గూడు లేకుండా నేల మీదే. మేకలు తొక్కినా, కుక్క పసిగట్టినా ఆ ఏటి సంతానం పోయినట్టే. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగ దీనికి ఆలస్యంగా కనబడుతుంది. బరువు వల్ల చటుక్కున పక్కకు తిరగలేదు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు అసద్ రహమానీ, రంజిత్ మనకదన్ వంటివారు ఇక్కడ మకాం వేసి ఈ పక్షి బతుకును అధ్యయనం చేశారు. భారత గడ్డిభూముల గురించి ఇవాళ మనకు తెలిసిన దాంట్లో పెద్ద భాగం ఆ రోళ్లపాడు రోజుల పుణ్యమే.

గడ్డి పెంచడానికి కొంత నేలను కందకాలతో కట్టడి చేశారు. గడ్డి పెరిగింది. దాంతో కృష్ణజింకలు కూడా పెరిగాయి. అవి పొలాల మీద పడటంతో చుట్టుపక్కల పల్లెలకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. కాలువ నీళ్లు వచ్చి మెట్ట మాగాణి అయింది, పంటలు మారాయి, చుట్టూ ఉన్న బయలు తగ్గింది. బట్టమేక ఇక్కడ దాదాపు కనబడకుండా పోయింది. దేశం మొత్తం మీద మిగిలినవి 150కి అటూ ఇటూ, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో. ఆరు చదరపు కిలోమీటర్ల కంచె లోపల ఒక పక్షిని దాచి, కంచె బయట ఉన్న నేలనూ మనుషులనూ లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో రోళ్లపాడు చూపించింది. ఇప్పుడు అక్కడికి పోయేవాళ్లు బట్టమేక కోసం కాదు, జింకలు, గుంటనక్క, చలికాలపు డేగల కోసం పోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య సాయంత్రాల్లో హారియర్ జాతి డేగలు రాత్రి విడిదికి గడ్డిలో దిగడం చూడదగ్గది. వానాకాలంలో నేలనెమలి మగది ఆడదాన్ని ఆకట్టుకోవడానికి గడ్డి మీదుగా నిట్టనిలువునా ఎగిరి పడేది. ఇప్పుడది కనబడితే అదృష్టమే.

నల్లమల, దరోజీ

దేశంలోని అతి పెద్ద పులుల అభయారణ్యాల్లో నాగార్జునసాగర్–శ్రీశైలం ఒకటి. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల, శ్రీశైలం దారిలో తుమ్మలబైలు అటవీశాఖ సఫారీలకు పేరున్న చోట్లు. బైర్లూటిలో రాత్రి బస కూడా ఉంది. దారి చూపేవాళ్లలో, కాపలా కాసేవాళ్లలో చెంచులు ఎక్కువ. ఆకు మీద అడుగుజాడను, కోతి కేకను వాళ్లు చదివినట్టు ఇంకెవరూ చదవలేరు. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, సఫారీలు మూసేస్తారు. పులిని చూసి తీరాలనే పట్టుతో పోతే నిరాశే. ఇక్కడి అడవి దట్టం, జీపుదారులు కొన్నే, పులులు మనిషిని తప్పించుకు తిరుగుతాయి. దుప్పులు, కణుతులు, కొండగొర్రెలు, అడవిపందులు, పక్షులు చూసినా దండిగా చూసినట్టే.

నిజానికి ఈ ప్రాంతం వాళ్లకు తెలిసిన పాత అడవి యాత్ర వేరే ఉంది. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలాది మంది భక్తులు ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు మీదుగా కాలినడకన ఆత్మకూరు చేరి, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం దాటి శ్రీశైలం పోతారు. దారి పొడవునా ఇక్కడివాళ్లు వాళ్లకు అన్నం, మజ్జిగ, కాళ్లకు నూనె ఇస్తారు. ఆ గుంపులో నడిచినవాళ్లు అడవిలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, రాత్రి ఎక్కడ ఆగకూడదో చెప్పగలరు. ఏ టూరు కంపెనీ పుస్తకంలోనూ ఆ జ్ఞానం దొరకదు.

పడమటికి పోతే బళ్లారి మీదుగా హంపి దగ్గర దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం. 1994లో ఏర్పడింది, విస్తీర్ణం దాదాపు 83 చదరపు కిలోమీటర్లు. మధ్యాహ్నం రెండు దాటాక అటవీ సిబ్బంది ఎదురు గుట్ట బండల మీద బెల్లం పాకం లాంటిది పూస్తారు. ఆ వాసనకు ఎలుగులు గుండ్ల సందుల్లోంచి దిగి వస్తాయి, పిల్లల తల్లులైతే పిల్లలను వీపు మీద ఎక్కించుకుని మరీ. కావలిమంచె మీద నుంచి బైనాక్యులర్‌తో చూడాలి. ఒక రోజులో పోయి రాగల యాత్రల్లో ఆదోనివాళ్లకు ఇంతకు మించింది లేదు.

ఇంతకన్నా దగ్గరి తావు కప్పట్రాళ్ల. దేవనకొండ మండలంలోని ఆ అటవీభూమిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని 2024లో తెలిసినప్పుడు చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. ఆ చిట్టడవిని కూడా ఎవరో తమదనుకుంటున్నారని అప్పుడు బయటి లోకానికి తెలిసింది.

ఆఫ్రికాకు ఎప్పుడు పోవాలి

ఆఫ్రికా యాత్రలో మొదట తేల్చుకోవలసింది దేశం కాదు, నెల. మనకు సెలవులు ఎప్పుడన్నది జంతువులకు అక్కర్లేదు. అవి వాన వెంట పోతాయి.

సెరెంగెటి, మసాయి మారా రెండూ నిజానికి ఒకే మైదానం. టాంజానియా వైపు భాగం సెరెంగెటి నేషనల్ పార్కు, 1951లో ఏర్పడింది, 14,763 చదరపు కిలోమీటర్లు. కెన్యా వైపు భాగం మసాయి మారా, దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లు. పది లక్షలకు పైగా విల్డబీస్ట్‌లు, లక్షల కొద్దీ జీబ్రాలు, గెజెళ్లు ఏడాది పొడవునా ఈ రెంటి మధ్య గుండ్రంగా తిరుగుతుంటాయి. జనవరి చివర నుంచి మార్చి దాకా దక్షిణ సెరెంగెటిలో, న్డూటు వైపు, ఈనుతాయి. దూడ పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి పరుగెడుతుంది. సింహాలు, చీతాలు అక్కడే కాచుకుని ఉంటాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఆ మందలు ఉత్తరాన మారా నదిని దాటుతాయి. టీవీలో అందరూ చూసిన మొసళ్ల దృశ్యం అదే.

ఇక్కడే తెలుగు కుటుంబాలు ఎక్కువగా పొరపడే చోటు ఉంది. మన బడి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ మధ్యలో ముగుస్తాయి. తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు ఏప్రిల్, మే నెలల్లోనే. రేగడిలో బండ్లు దిగబడతాయి, గడ్డి ఏపుగా పెరిగి జంతువులు కనబడవు, కొన్ని బసలు మూసేస్తారు. ధర తక్కువ కాబట్టి ఏజెంట్లు ఈ నెలల్నే ముందు చూపిస్తారు. పిల్లలతో పోదలచినవాళ్లకు దసరా సెలవులు మేలు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో మారాలో మందలు ఇంకా ఉంటాయి. పత్తి వ్యాపారం మీద బతికే ఆదోనివాళ్లకు జూలై, ఆగస్టు బాగా కుదురుతాయి. కొత్త పత్తి యార్డుకు రావడం మొదలైతే ఇక ఊరు కదలడం కుదరదు. శనగ కోసిన రైతుకు ఫిబ్రవరి చివర, మార్చి మొదలు సరైన కాలం. అప్పుడే న్డూటులో దూడలు పుడతాయి.

ఏ పార్కు అన్నది ఆ తర్వాతి మాట. మొదటిసారి పోయేవాళ్లు మసాయి మారాతో పాటు అంబోసెలి కలుపుకుంటే చాలు. అంబోసెలిలో కిలిమంజారో మంచుకొండ ముందు ఏనుగుల మందలు నడుస్తాయి. టాంజానియా ఎంచుకున్నవాళ్లు సెరెంగెటితో పాటు ఎన్‌గొరొంగొరొ చూడాలి. అది పేలిన అగ్నిపర్వతపు గిన్నె, అడుగున దాదాపు 260 చదరపు కిలోమీటర్ల మైదానం. సొంతంగా కారు నడుపుకుంటూ చూడాలనుకుంటే దక్షిణాఫ్రికాలో క్రూగర్. 1926లో నేషనల్ పార్కు అయింది, దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు, లోపల తారురోడ్లు ఉన్నాయి, మనలాగే ఎడమవైపు నడపాలి. నాలుగు రోజుల్లో మూడు దేశాలు చుట్టే ప్యాకేజీల జోలికి పోవద్దు. ఒక పార్కులో మూడు రాత్రులు ఉంటే దక్కేది మూడు పార్కుల్లో ఒక్కో రాత్రి ఉంటే దక్కదు.

కాగితాలు, టీకా, దారి

పాస్‌పోర్టు లేనివాళ్లు కర్నూలు పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు చేసుకోవచ్చు. కెన్యా 2024 జనవరి నుంచి వీసా బదులు ముందస్తు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి పద్ధతి పెట్టింది. టాంజానియాకు ఈ–వీసా తీసుకోవాలి. దక్షిణాఫ్రికాకు వీసా తప్పనిసరి, దానికి సమయం ఎక్కువ పడుతుంది.

ఎల్లో ఫీవర్ టీకాను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ జ్వరం మన దేశంలో లేదు, కాని దాన్ని మోసే దోమ ఉంది. అందుకే కెన్యా, ఉగాండా వంటి దేశాల నుంచి టీకా సర్టిఫికెట్ లేకుండా తిరిగొచ్చినవాళ్లను ఇక్కడి విమానాశ్రయంలో ఆపి ఆరు రోజులు విడిగా ఉంచుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. ముందే నమోదు చేసుకుని పోవాలి, ఎందుకంటే టీకా అన్ని రోజులూ వేయరు. మలేరియా మందు ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరును అడిగి తీసుకోవాలి. గర్భిణులు, అరవై దాటినవాళ్లు టీకాకు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

దారి విషయంలో ఆదోనికి ఒక వాటం ఉంది. బొంబాయి–మద్రాసు రైలుమార్గం మీద ఉన్న ఊరు ఇది. రెండో బొంబాయి అని పేరు తెచ్చిపెట్టిన పత్తి వ్యాపారానికి ఆ మార్గమే ఆసరా. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ముంబై చేరతారు. అక్కడి నుంచి నైరోబీకి మధ్యలో ఆగని విమానాలు ఉన్నాయి, దాదాపు ఆరు గంటలు. గల్ఫ్ మీదుగా పోవాలనుకునేవాళ్లకు హైదరాబాదు, బెంగళూరు సౌకర్యం. నైరోబీ గడియారం మన కన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుంది.

నైరోబీ నుంచి మారాకు రోడ్డు మీద ఐదారు గంటలు. చిన్న విమానంలో పోతే సామాను 15 కిలోలకు మించకూడదు, అదీ మెత్తని సంచిలో. ఖర్చులో పెద్ద భాగాలు నాలుగు: విమానం, బస, బండి, పార్కు రుసుము. పార్కు రుసుము మనిషికి, రోజుకు ఇంత అని డాలర్లలో ఉంటుంది. మసాయి మారాలో 2024 నుంచి జూలై–డిసెంబరు రుసుము జనవరి–జూన్ రుసుముకు రెట్టింపు. బండి అద్దె ఎంతమంది ఎక్కినా ఒకటే కాబట్టి ఆరుగురు కలిసి పోతే భారం బాగా తగ్గుతుంది. ఏజెంటు ధర చెప్పగానే అందులో పార్కు రుసుము కలిసిందా, కిటికీ సీటు అందరికీ ఉందా, పైకప్పు తెరుచుకుంటుందా అని రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

బట్టల దగ్గర మనవాళ్లు మోసపోతారు. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పోతారు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉంది. తెల్లవారి ఆరింటికి తెరిచిన జీపులో ఆదోని మనిషి వణికిపోతాడు. స్వెటరు తప్పనిసరి. నలుపు, ముదురు నీలం వద్దు, ఆ రంగులకు త్సెత్సె ఈగలు మూగుతాయి. కెన్యా 2017 నుంచి, టాంజానియా 2019 నుంచి ప్లాస్టిక్ సంచులను నిషేధించాయి. పచ్చళ్లు, వేరుశనగ పొడి కట్టుకుపోయేవాళ్లు డబ్బాల్లో సర్దుకోవాలి. గుజరాతీలు తరతరాలుగా ఉన్న నైరోబీలో శాకాహారానికి కొదవ లేదు. డ్రోన్ తీసుకుపోవద్దు. ఫోను కెమెరా కన్నా ఒక మంచి బైనాక్యులర్ ఎక్కువ అక్కరకొస్తుంది.

తిరుగు ప్రయాణం

ఆఫ్రికా జంతువు ఇండియాకు వచ్చిన ఉదంతమూ ఉంది. దక్కను బయళ్లలో ఒకప్పుడు చీతాలు ఉండేవి, కృష్ణజింక వాటి ప్రధాన ఆహారం. మచ్చిక చేసిన చీతాలను జింకల మీదికి వదలడం రాజులకు, నవాబులకు వినోదం. 1952 నాటికి దేశంలో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. తర్వాతి ఏడాది దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు వచ్చాయి. చీతాను సముద్రాలు దాటించి తేగలిగాం. అది తినే జింక మాత్రం ఇంకా ఆదోని పొలాల్లో పాతచీరల మధ్య దిక్కుతోచక తిరుగుతోంది. ముందు దానికి మేత నేల, రైతుకు సకాలంలో పరిహారం కావాలి. పడమటి కర్నూలులో కృష్ణజింకలకు ఒక రక్షిత బయలు వస్తే దేశవిదేశాల నుంచి జనం చూడటానికి వస్తారు. మసాయి మారా చుట్టూ పశువుల కాపరులైన మసాయిలు తమ భూములను కలిపి పార్కులుగా మార్చి, బసల నుంచి అద్దె తీసుకుంటున్నారు. గొంగడి కప్పుకుని గొర్రెల వెంట నడిచే ఇక్కడి కురువలకు అలాంటి ఏర్పాటు ఎందుకు కుదరదో ఎవరూ గట్టిగా అడగలేదు.

మసాయి మారాకు డబ్బు కూడబెడుతున్న వాళ్లకు ఒక మాట. ఈ జనవరిలోనే ఒక తెల్లవారుజామున బైనాక్యులర్ పట్టుకుని పొలాల వైపు వెళ్లండి. హారన్ కొట్టకండి, మంద వెంట బైకు తోలకండి. శనగచేలో ఒంటరిగా ముడుచుకుని పడుకున్న జింకపిల్ల కనబడితే తల్లి వదిలేసిందనుకుని చేతుల్లోకి ఎత్తుకోకండి. తల్లి దూరంగా మేస్తూ ఉంటుంది, మీరు పోయాక వస్తుంది.